చిన్న బడిలో పిల్లల మంచితనాన్నీ గెలుపునూ గుర్తించడం ఎలా?

ప్రతి ఉదయం ప్రార్థనలో పిల్లలు కుడిచేయి చాచి చెప్పే ప్రతిజ్ఞను రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుది నల్లగొండ జిల్లాలోని అన్నెపర్తి. 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా పనిచేస్తున్న కాలంలో ఆయన దానిని రాశారు. దేశమంతటా పిల్లలు తమతమ భాషల్లో ఆ మాటలను అప్పజెప్తూ వచ్చినా, ఎన్నో ఏళ్లపాటు పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ పక్కన ఆయన పేరు లేదు. 1988లో ఆయన కన్నుమూశారు. మంచి పని అందరి కళ్ల ముందూ ఉండి, చేసిన మనిషి పేరు మాత్రం ఎవరి నోటా రాకపోవడం మన బడుల్లోనూ రోజూ జరుగుతూనే ఉంటుంది. ఆ లోటును తీర్చడానికి పదిహేను మంది నుంచి అరవై మంది వరకు పిల్లలు, ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు ఉండే నల్లగొండ, పాలమూరు పల్లెల ప్రాథమిక పాఠశాలల్లో ఏం చేయవచ్చో, నేను చేసి చూసినవాటినీ చేసి నాలిక కరుచుకున్నవాటినీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పెద్ద బడి పద్ధతి చిన్న బడికి సరిపోదన్నది మొదట గ్రహించవలసిన విషయం. నాలుగో తరగతిలో నలుగురు పిల్లలున్నారనుకుందాం. ప్రథమ, ద్వితీయ, తృతీయ బహుమతులు ఇచ్చాక మిగిలేది ఒక్కరే. ఆ ఒక్కరు ఎవరన్నది సాయంత్రానికల్లా ఊరంతటికీ తెలిసిపోతుంది. మనం ముగ్గురిని సత్కరించామని అనుకుంటాం గాని, ఊరికి గుర్తుండేది ఆ నాలుగో పిల్లవాడి పేరే. పైగా ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఆ ముగ్గురే ముగ్గురుగా ఉండిపోతారు కాబట్టి, బహుమతి అంటే ఫలానా వాళ్లకు వచ్చేది అన్న అభిప్రాయం పిల్లల మనసులో ముద్ర పడిపోతుంది. అందుచేత పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చే వరసను పక్కన పెట్టి, ఎవరు ఏం చేశారో గమనించి, ఆ చేసిన పనిని పేరుతో సహా చెప్పే అలవాటును బడిలో పెంచుకోవాలి.

పేజీకి ఒక పిల్లవాడు

దీనికి కావలసిన సరంజామా గట్టి అట్ట ఉన్న 200 పేజీల నోటుబుక్కు ఒకటి మాత్రమే. హాజరు పట్టికలో ఉన్న వరసలోనే ఒక్కొక్కరికి రెండు మూడు పేజీలు కేటాయించి, పైన పేరు రాసి, కింద నాలుగు గళ్లు గీయాలి: తేదీ, ఏం చేశారు, ఎవరు చూశారు, ఎవరికి చెప్పాం. నాలుగో గడి అనవసరమని చాలామందికి తోస్తుంది. కాని ఉపాధ్యాయుడు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టిన మెప్పు పిల్లవాడికి చేరలేదన్న సంగతిని పట్టి ఇచ్చేది ఆ గడే.

రాసే వాక్యంలో గుణం కంటే పని కనిపించాలి. ‘చాలా మంచి పిల్ల’ అని రాస్తే నెల తిరిగేసరికి అది ఎందుకు రాశామో మనకే గుర్తుండదు, ఆ పిల్లకు కూడా తాను మళ్లీ ఏం చేయాలో తెలియదు. ‘ముసురు పట్టిన రోజు ఒకటో తరగతి పిల్లల చెప్పులు తడవకుండా వరండాలోకి తెచ్చి పెట్టింది’, ‘చిన్న పిల్లలకు అందకపోతే తానే బోరింగు కొట్టి అందరి చేతులూ కడిగించాడు’, ‘తండా నుంచి కొత్తగా చేరిన పాపకు సారు మాట అర్థం కాకపోతే లంబాడీలో చెప్పి తన పక్కన కూర్చోబెట్టుకుంది’, ‘కబడ్డీలో గెలిచిన తర్వాత ఓడిన జట్టు వాళ్లను ఎగతాళి చేస్తున్న తన జట్టు వాడిని ఆపాడు’ వంటి వాక్యాలు రాస్తే, చదివిన ఎవరికైనా ఆ దృశ్యం కళ్లకు కడుతుంది. రోజుకు రెండు వాక్యాలకు మించి రాయనక్కర లేదు, మధ్యాహ్న భోజనం తర్వాత ఐదు నిమిషాలు చాలు.

నెలాఖరున పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేసి, ఖాళీగా ఉన్న పేజీలు ఎవరివో చూసుకోవడం ఈ పద్ధతికంతటికీ ప్రాణం. మొదటిసారి చూసుకున్నప్పుడు నాకు ఇరవై ముగ్గురిలో ఏడుగురి పేజీలు ఖాళీగా కనిపించాయి, ఆ ఏడుగురూ మాట్లాడని పిల్లలే. తెలంగాణలో కవులు లేరన్న మాట వచ్చినప్పుడు, పాలమూరు నేల మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి వాదనతో ఆగిపోకుండా ఊరూరి నుంచి వివరాలు సేకరించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించారు. ఖాళీ పేజీ ఎదురైనప్పుడు ఉపాధ్యాయుడు చేయవలసిన పని కూడా అటువంటి వెతుకులాటే. తరగతి గదిలో కనిపించని పిల్లవాడు భోజనాల వరసలోనో, ఇంటికి పోయే దారిలోనో, తమ్ముడిని చంకనెత్తుకున్నప్పుడో కనిపిస్తాడు. వంట చేసే అమ్మను, అంగన్‌వాడీ టీచరును, బడి ఎదురుగా కిరాణా కొట్టు నడిపే ఆమెను అడిగితే మనకు తెలియని సంగతులు ఎన్నో చెబుతారు. బడిలో ఏ పిల్ల తన పళ్లెంలోని గుడ్డులో సగం ఎవరికి పెడుతుందో వంటమ్మకు తెలిసినంతగా ప్రధానోపాధ్యాయుడికి తెలియదు.

ఎప్పుడు మైకులో చెప్పాలి, ఎప్పుడు చెప్పకూడదు

ప్రతిజ్ఞ అయ్యాక, వార్తలు చదివే ముందు, రెండు నిమిషాలు ఇందుకు కేటాయిస్తే చాలు. పిల్లను ముందుకు పిలిచి నిలబెట్టవలసిన పని లేదు. నిలబడిన చోటనే పేరు, పని, దాని వల్ల ఎవరికి ఏ మేలు కలిగిందో చెప్పి, చప్పట్లు కొట్టించి ముగించాలి. జరిగిన రెండు మూడు రోజుల లోపల చెప్పాలి. ఒకటో తరగతి పిల్లలకు పోయిన నెల సంగతి పోయిన జన్మ సంగతితో సమానం.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడిలో, ఒంటిపూట బడుల రోజుల్లో, నాలుగో తరగతి అమ్మాయి ఒకతె ఎండలో ఒట్టి కాళ్లతో వస్తున్న తన తోటి పిల్లకు తన పాత చెప్పులు తెచ్చి ఇచ్చింది. నేను సంతోషం పట్టలేక మరునాడు ప్రార్థనలో ఇద్దరి పేర్లూ చెప్పి, ఇద్దరినీ ముందుకు పిలిచి, చప్పట్లు కొట్టించాను. చెప్పులు తీసుకున్న పిల్ల ఆ తర్వాత రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వాళ్ల అవ్వ వచ్చి గడపలో నిలబడి, ‘సారూ, మేమేమన్న అడుక్కున్నమా? పోరి బడికి రానని ఏడుస్తున్నది’ అన్నది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. ఇచ్చిన చేతిని మెచ్చుకునే తొందరలో పుచ్చుకున్న చేతిని నలుగురిలో చాచి చూపించానన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. బట్టలు, తిండి, డబ్బు, జబ్బు, ఆడపిల్లల నెలసరి, ఇంట్లో గొడవలు వీటిలో ఏదైనా ఇమిడి ఉన్న సహాయాన్ని మైకులో చెప్పను. సహాయం చేసిన పిల్లను విడిగా పిలిచి, తాను చేసింది నేను చూశానని, దానిని పుస్తకంలో రాశానని చెబుతాను. మిగతా సందర్భాల్లో కూడా సహాయం పొందిన పిల్లను ముందుగా అడిగి, ఒప్పుకుంటేనే ఆమె పేరు చెబుతాను, ఒప్పుకోకపోతే ఇచ్చిన వారి వైపు కథ మాత్రమే చెబుతాను. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్ల బాధను ఎముకల్లో మోస్తున్న పెద్దలు ఇంకా ఉన్నారు. అటువంటి తాతను రోజూ చేయి పట్టుకొని రచ్చబండ దాకా నడిపించే మనవడిని మెచ్చుకోవాలంటే తాత నడక ఎలా ఉంటుందో వర్ణించనవసరం లేదు.

పిల్లలే రాసే చీటీలు

కొన్ని వారాలు గడిచాక గమనించే పనిని పిల్లలకు కూడా అప్పగించవచ్చు. చాక్‌పీసుల ఖాళీ డబ్బాకు పైన సందు కోసి గోడ దగ్గర పెట్టి, ఎవరైనా మంచి పని చేస్తే చీటీ మీద రాసి అందులో వేయమనాలి. మొదట్లో వచ్చే చీటీలన్నీ ‘నా దోస్తు నాకు పెన్ను ఇచ్చింది’ అన్న తీరులోనే ఉంటాయి. దానికి విసుక్కోకుండా, వారం వారం ఒక మంచి చీటీని బోర్డు మీద రాసి చూపిస్తూ పోతే రెండు నెలల్లో చూపు విశాలమవుతుంది. రాయడం రాని చిన్న పిల్లలు పెద్ద తరగతి వాళ్లకు చెప్పి రాయించుకోవచ్చు. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీలోనూ, నారాయణపేట సరిహద్దు ఊళ్లలో కన్నడంలోనూ పిల్లలు చెబితే పెద్దవాళ్లు తెలుగులోకి మార్చి రాస్తారు. అది భాష పాఠంగా కూడా పనికివస్తుంది కాబట్టి సమయం వృథా అయిందన్న దిగులు అక్కర లేదు.

శనివారం చివరి పీరియడులో ఐదారు చీటీలు చదవాలి. అయితే ఉపాధ్యాయుడు అన్నింటినీ ముందే తాను చదువుకొని ఉండాలి, ఎందుకంటే వెక్కిరింపు చీటీలు తప్పకుండా వస్తాయి. ఎవరికి ఎన్ని చీటీలు వచ్చాయో లెక్కపెట్టకూడదు, గోడ మీద నక్షత్రాల పట్టిక అతికించకూడదు. నేను ఒక సంవత్సరం ఆ పట్టిక పెట్టి చూశాను. ఐదో తరగతి పిల్లవాడు ఒకడు నేను చూస్తున్నానో లేదో ముందు చూసుకొని, ఆ తర్వాతే కింద పడిన కాగితం ఏరేవాడు. నేను లోపలికి పోతే కాగితం అక్కడే ఉండేది. తప్పు ఆ పిల్లవాడిది కాదు, నక్షత్రానిది. పట్టిక తీసేసిన తర్వాత కాగితాలు ఏరేవాళ్ల సంఖ్య తగ్గిన మాట నిజమే గాని, ఏరిన కొద్దిమందీ ఎవరి కోసమూ చూడకుండా ఏరారు.

చదువులో గెలుపును చెప్పే తీరు

పోటీ పరీక్షల్లో వచ్చే ఫలితాలను ఊరు తానంతట తానే పండుగ చేసుకుంటుంది. గురుకులంలో ఐదో తరగతి సీటు రావడం, ఎనిమిదో తరగతిలో రాసే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్పుకు ఎంపిక కావడం, పదో తరగతి మార్కులతో బాసర ట్రిపుల్ ఐటీలో చేరడం పేద ఇంటి బతుకును నిజంగానే మలుపు తిప్పే సంగతులు. ఆ మెరిట్ స్కాలర్‌షిప్పు కింద తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయల చొప్పున, నాలుగేళ్లకు 48,000 రూపాయలు వస్తాయి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఆ అవకాశం ఉంది. కాబట్టి ఎంపికైన పిల్లను అభినందించేటప్పుడు ఈ వివరాలు కూడా చెబితే, వింటున్న తల్లిదండ్రులకు తమ పిల్లలకూ దారి ఉందని తెలుస్తుంది. ఎంపికైన వాళ్ల పేర్లతో పాటు పరీక్ష రాసిన వాళ్లందరి పేర్లూ చదవాలి. మీ ప్రాథమిక పాఠశాలలో చదివి, ఇప్పుడు మండలంలోని ఉన్నత పాఠశాలలో ఉన్న పిల్లకు ఏదైనా గెలుపు దక్కితే, ఆమెను పాత బడికి ఒక పూట పిలిచి, పొద్దున ఎన్ని గంటలకు లేచిందో, ఏ లెక్క దగ్గర చిక్కుకున్నదో చిన్న పిల్లలకు చెప్పించాలి. ఏ వక్త ఉపన్యాసమూ దానికి సాటి రాదు.

ఫ్లెక్సీల గురించి ఒక మాట. పిల్ల గెలిచిందని కట్టిన ఫ్లెక్సీలో నాయకుల ముఖాలు గుమ్మడికాయలంతేసి ఉండి, పిల్ల ఫొటో తపాలా బిళ్లంత ఉండడం మన ఊళ్లలో మామూలే. కట్టేవాళ్లను ఆపడం మన చేతిలో లేకపోయినా, బడి గోడకు కట్టే దానిలోనైనా పిల్ల ముఖమూ తల్లిదండ్రుల పేర్లూ మాత్రమే ఉండాలని పట్టుబట్టవచ్చు.

పోటీ పరీక్షల దాకా రాని గెలుపులే చిన్న బడిలో ఎక్కువ. ఒత్తులు లేకుండా రాసే పిల్ల ఒత్తులు తప్పకుండా ఒక పేరా రాయడం, నత్తి ఉన్న పిల్లవాడు ప్రార్థనలో సూక్తి చదవడం, పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయేవాడు పంతొమ్మిది దాకా రావడం ఈ కోవలోనివే. వీటిని చూపించడానికి జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ప్రతి పిల్ల చేత ఒక పేజీ రాయించి, తేదీ వేసి దాచిపెట్టాలి. డిసెంబరులో మళ్లీ ఒకటి రాయించి రెండూ పక్కపక్కన పెడితే, పోలిక నిన్నటి తనతోనే ఉంటుంది గనుక ఎవరికీ చిన్నతనం కలగదు. తల్లికి చదువు రాకపోయినా అక్షరాల తీరు మారిందని చూసి చెప్పగలదు.

హాజరు బహుమతి విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. నూరు శాతం హాజరుకు బహుమతి అనగానే ఎవరికీ అభ్యంతరం ఉండదనిపిస్తుంది. కాని దసరా దాటాక పత్తి ఏరే రోజుల్లో, గద్వాల వైపు సీడ్ పత్తి క్రాసింగు (విత్తనాల కోసం పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) చేసే రోజుల్లో, బడి మానేది ఎవరి పిల్లలో మనకు తెలుసు. పాలమూరు నుంచి ముంబయికో పుణేకో వలసపోయే ఇంటి పిల్లవాడు ఆ బహుమతి ఎన్నటికీ అందుకోలేడు, అది వాడి సోమరితనం వల్ల కాదు. అందుకని హాజరు కంటే తిరిగి రావడాన్ని పండుగ చేసుకోవడం మేలు. రెండు నెలలు లేకుండా పోయి తిరిగి వచ్చిన పిల్లవాడికి తోటివాళ్లు పోయిన పాఠాలు చెప్పి, వాడు తరగతిని అందుకుంటే, అందులో ఇరువైపులా మెచ్చుకోవలసింది ఉంది.

ఇంటికి చేరే మాట

బడి నుంచి కబురు వచ్చిందంటే ఏదో తప్పు జరిగిందని భయపడే ఇళ్లే మన దగ్గర ఎక్కువ. ఆ భయాన్ని పోగొట్టడానికి నెలకు నలుగురైదుగురి ఇళ్లకు చిన్న ఉత్తరం పంపాలి. మూడు వాక్యాలు చాలు: ‘అమ్మానాన్నలకు నమస్కారం. మీ అమ్మాయి ఈ వారం రెండో తరగతి పిల్లలకు రోజూ పావుగంట చదివి వినిపించింది, వాళ్లలో ఇద్దరు ఇప్పుడు కూడబలుక్కొని చదువుతున్నారు. ఈ సంగతి మీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.’ ఉత్తరాన్ని పిల్ల చేతనే ఇంట్లో చదివించమనాలి. తల్లిదండ్రులు పనికి దూర ప్రాంతం వెళ్లి ఉంటే, పిల్లను పక్కన నిలబెట్టుకొని అవే మాటలను వాట్సాప్‌లో గొంతుతో చెప్పి పంపవచ్చు. తల్లి తిరిగి పంపిన జవాబును పిల్లకు వినిపించడం మరువకూడదు.

అందరినీ పిలిచే రోజు

ఏడాదికి రెండుసార్లు ఊరిని పిలిస్తే సరిపోతుంది. దసరా సెలవులకు ముందు బడిలో బతుకమ్మ ఆడే రోజున తల్లులు ఎలాగూ వస్తారు, పండుగకని వలస వెళ్లినవాళ్లలో కొందరు ఇంటికి చేరి ఉంటారు కాబట్టి మొదటిది ఆ రోజున పెట్టుకోవచ్చు. రెండోది ఏప్రిల్‌లో, సెలవులకు ముందు ప్రగతి పత్రాలు ఇచ్చే నాడు పెట్టాలి. ఆ నెలలో పొద్దున ఉపాధి హామీ పనులు, మధ్యాహ్నం ఎండ ఉంటాయి గనుక సాయంత్రం ఆరు గంటల తర్వాత వేప చెట్టు కింద జరిపితే తల్లిదండ్రులు వస్తారు. పదకొండు గంటలకు పెట్టి ఎవరూ రాలేదని నిందించడంలో అర్థం లేదు.

సభ గంటకు మించకూడదు. ప్రతి పిల్ల పేరూ, ఆ ఏడాది ఆమె పేజీ నుంచి ఎంచిన ఒక్క వాక్యమూ చదవాలి. ఆ వాక్యాన్ని మరో పిల్ల చదివితే ఇంకా బాగుంటుంది. అందరికీ ఒకే రకం కాగితం మీద, చక్కని చేతిరాతతో, ఎవరి వాక్యం వాళ్లకు రాసి ఇవ్వాలి. వాటిని ఇప్పించడానికి వంటమ్మను, బడి బాగోగులు చూసేందుకు 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అధ్యక్షురాలిని పిలవాలి. సర్పంచ్‌ను, మండల అధికారులను గౌరవంగా ఆహ్వానించి, ఒక్కొక్కరు మూడు నిమిషాలు మాట్లాడాలని ముందు రోజే ఇంటికి వెళ్లి చెప్పి రావాలి. వేదిక మీద మొహమాటపడి చీటీ అందిస్తే ఎవరూ ఆగరని అనుభవం మీద చెబుతున్నాను. ముప్పై మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే 10,000 రూపాయల పాఠశాల నిధి చాక్‌పీసులకూ మరమ్మతులకూ చాలదు, దానిని దీనికి వాడవద్దు. కాగితాలు, బొబ్బర్ల గుడాలు, తాగునీళ్లు తప్ప ఖర్చు ఉండకుండా చూసుకుంటే, శాలువాలకూ మెమెంటోలకూ చందాలు అడిగే అవస్థ తప్పుతుంది. ఫొటోలు తీసి ఊరి గ్రూపులో పెట్టేముందు తల్లిదండ్రులను అడగాలి. ఆడపిల్లల ఫొటోల విషయంలో వాళ్లు వద్దంటే మారు మాట్లాడకూడదు.

ఉపాధ్యాయుడికి బదిలీ అయితే నోటుబుక్కును సొంత సంచిలో పెట్టుకొని పోకుండా, హాజరు పట్టికలతో పాటు కొత్తగా వచ్చిన వారికి అప్పగించి, ఏ పేజీలు ఇంకా పలచగా ఉన్నాయో నోటితో కూడా చెప్పి వెళ్లాలి. ఐదో తరగతి ముగించి పై బడికి పోయే పిల్లలకు, వాళ్ల పేజీలను జిరాక్సు తీయించకుండా చేత్తో తిరగరాసి, కింద తేదీ వేసి సంతకం చేసి, టీసీతో పాటు ఆ కవరులోనే పెట్టి ఇవ్వాలి.